నెట్ ఫుల్ స్పీడ్, ప్రింటర్ మాత్రం ఆఫ్‌లైన్: తప్పు ప్రింటర్‌ది కాదు

"కొత్త ప్రింటర్ ఏది కొనమంటావ్ రా?" అని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో లంచ్ చేస్తున్నాను. రెండు నిమిషాల్లో మూడు మోడల్స్ పేర్లు వాట్సాప్ చేసేశాను. ఇంక్ ట్యాంక్, వైఫై, 15 వేల లోపు. ఇంట్లో వాళ్లు గ్యాడ్జెట్ల గురించి మనల్ని అడిగితే అదో గర్వం కదా. ఒక్క ప్రశ్న మాత్రం నేను అడగలేదు: ఉన్న ప్రింటర్‌కి ఏమైంది?

తెనాలిలో మా ఇంటి ముందు గదే నాన్న షాపు. జిరాక్స్, ప్రింటవుట్లు, లామినేషన్. ఇప్పుడు పెన్‌డ్రైవ్ తెచ్చేవాళ్లు ఎవరూ లేరు. హాల్ టికెట్ అయినా, ఆధార్ అయినా, పొలం 1బీ కాపీ అయినా కస్టమర్ వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపుతాడు, నాన్న ఫోన్‌లోంచే ప్రింట్ కొడతాడు. అలా రెండేళ్లు హాయిగా నడిచింది. తర్వాత ఫైబర్ బాక్స్ పాడైంది. టెక్నీషియన్ వచ్చి కొత్త బాక్స్ పెట్టాడు, ప్రింటర్‌ని కూడా వైఫైకి కలిపాడు, స్పీడ్ టెస్ట్ చూపించాడు, వెళ్లిపోయాడు. స్పీడ్ 100 వచ్చింది. ప్రింటర్ మీద వైఫై లైటు కదలకుండా వెలుగుతోంది. ఫోన్‌లో మాత్రం "ప్రింటర్ ఆఫ్‌లైన్".

మూడు వారాలు నేను ఫోన్‌లో చెప్పిన సలహా ఒక్కటే. "రీస్టార్ట్ చెయ్యి నాన్నా." బాక్స్ రీస్టార్ట్, ప్రింటర్ రీస్టార్ట్, ఫోన్ రీస్టార్ట్. నాన్న ఓపిగ్గా అన్నీ చేశాడు. పని జరగకపోయేసరికి పీడీఎఫ్‌ని తన ఫోన్ నుంచి పాత ల్యాప్‌టాప్‌కి పంపుకొని, దానికి యూఎస్‌బీ కేబుల్ పెట్టి ప్రింట్ తీయడం మొదలుపెట్టాడు. ల్యాప్‌టాప్ లేచేలోపు సగం మంది పక్క వీధి షాపుకి వెళ్లిపోయేవాళ్లట. పది రూపాయల పని కోసం పది నిమిషాలు ఎవరు నిలబడతారు? చివరికి "ఇక ఈ ప్రింటర్ పని అయిపోయింది" అని తనే తేల్చేసుకుని నాకు ఫోన్ చేశాడు.

ఆ వీకెండ్ ఇంటికి వెళ్లకపోయి ఉంటే మేం 15 వేలు పెట్టి కొత్త ప్రింటర్ కొనేవాళ్లం. అది కూడా ఆఫ్‌లైన్ అనే చూపించేది. ఎందుకో చెప్తాను.

వైఫై గురించి మనలో చాలామందికి ఉన్న ఊహ ఏంటంటే, ఒకే గదిలో ఉన్న ఫోను, ప్రింటరు గాల్లో నేరుగా మాట్లాడుకుంటాయని. మాట్లాడుకోవు. ఫోన్ ఏం పంపినా ముందు రూటర్‌కి వెళ్తుంది, రూటర్ దాన్ని ప్రింటర్‌కి అందిస్తుంది. ఫోన్‌ని ప్రింటర్‌కి ఆనించి పెట్టినా దారి మాత్రం రూటర్ మీదుగానే. అంటే రూటర్ "నేను అందించను" అంటే అక్కడితో సరి. ఇంటర్నెట్‌కి ఆ దారితో పని లేదు కాబట్టి యూట్యూబ్ నడుస్తుంది, స్పీడ్ టెస్ట్ అదిరిపోతుంది, అన్ని డివైజ్‌ల మీదా వైఫై లైటు వెలుగుతుంది. ఇంట్లో ఏ రెండూ ఒకదానికొకటి కనపడవు.

రూటర్‌లో ఇలా చేసే సెట్టింగ్ నిజంగానే ఉంది. ఒక బాక్స్‌లో దాన్ని ఏపీ ఐసోలేషన్ అంటారు, ఇంకో దాంట్లో క్లయింట్ ఐసోలేషన్, మరో దాంట్లో వైర్‌లెస్ ఐసోలేషన్. గెస్ట్ నెట్‌వర్క్ మామూలుగా చేసే పని కూడా ఇదే: వచ్చినవాడికి నెట్ ఇస్తుంది, ఇంట్లో వస్తువులు చూపించదు.

దీనితో నాకు ఇంతకుముందే పరిచయం ఉంది, అప్పుడు గుర్తుపట్టలేదంతే. గచ్చిబౌలిలో పీజీలో ఉన్నప్పుడు క్రోమ్‌కాస్ట్ ఒకటి కొన్నాను. వైఫైకి కనెక్ట్ అయింది, ఫోన్‌లో కాస్ట్ బటన్ నొక్కితే మాత్రం లిస్టులో ఏమీ లేదు. "డిఫెక్టివ్ పీస్" అని రాసి వాపస్ పంపాను. అది శుభ్రంగా పనిచేసే వస్తువు. పీజీ వైఫైలో ఐసోలేషన్ ఉంది, ఉండాలి కూడా, లేకపోతే పక్క గదివాడు నా టీవీలో పాటలు పెడతాడు. బీటెక్ చదివి, నెట్‌వర్క్స్ పేపర్ పాసై నేను చేసిన ఘనకార్యం అది.

తెనాలిలో ఏం చేశానంటే

ముందు ప్రింటర్ మెనూలోంచి నెట్‌వర్క్ పేజీ ప్రింట్ తీశాను. చాలా వైఫై ప్రింటర్లలో ఈ ఆప్షన్ ఉంటుంది, లేదా ఏవో రెండు బటన్లు కలిపి నొక్కితే వస్తుంది. అందులో ప్రింటర్ ఐపీ అడ్రస్ 192.168.1.7. నాన్న ఫోన్‌లో వైఫై వివరాలు చూస్తే 192.168.1.4. ఇద్దరిదీ ఒకే వీధి, ఇంటి నంబర్లే వేరు. మొదటి అనుమానం తీరింది.

తర్వాత ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.7 అని కొట్టాను. వైఫై ప్రింటర్లలో చాలావాటికి సొంతంగా చిన్న వెబ్ పేజీ ఉంటుంది, ఇంక్ ఎంత ఉందో కూడా చూపిస్తుంది. అది తెరుచుకుంటే దారి ఉన్నట్టు. తెరుచుకోలేదు. గిరగిరా తిరిగి ఆగిపోయింది.

ఇక్కడ ఆగిపోతే మళ్లీ ప్రింటర్ మీదే అనుమానం వస్తుంది. అందుకే ఆ పాత ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి, ఒక ల్యాన్ కేబుల్‌తో నేరుగా ఫైబర్ బాక్స్‌కి గుచ్చాను. అదే అడ్రస్ కొట్టాను. పేజీ టక్కున వచ్చింది.

ఈ ఒక్క పరీక్ష గుర్తుపెట్టుకుంటే మీకు చాలా డబ్బు మిగులుతుంది. కేబుల్ నుంచి ప్రింటర్ కనపడుతోంది, వైఫై నుంచి కనపడట్లేదు. అంటే ప్రింటర్ బతికే ఉంది, దాని వైఫై బాగానే ఉంది, ఐపీ సరిగ్గానే ఉంది. ఒక వైఫై డివైజ్ నుంచి ఇంకో వైఫై డివైజ్‌కి వెళ్లే చోట మాత్రమే అడ్డం పడుతోంది. ఆ చోట ఉన్నది రూటర్ ఒక్కటే.

(చిన్న జాగ్రత్త. ఇదే పరీక్షకి పింగ్ కూడా వాడొచ్చు, కానీ విండోస్ ల్యాప్‌టాప్‌కి పింగ్ కొట్టి జవాబు రాలేదని కంగారు పడకండి. దాని ఫైర్‌వాల్ చాలాసార్లు పింగ్‌కి జవాబివ్వదు. ప్రింటర్‌కో టీవీకో కొట్టండి.)

సరే, సెట్టింగ్ తీసేస్తే అయిపోతుంది కదా అనుకుంటే అసలు సినిమా అక్కడ మొదలైంది. బాక్స్ కింద అంటించిన లాగిన్‌తో లోపలికి వెళ్తే వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చే పేజీ తప్ప ఏమీ లేదు. అడ్వాన్స్‌డ్ పేజీలు వేరే లాగిన్‌కి మాత్రమే. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాను. "సిగ్నల్ బాగుంది సార్, స్పీడ్ కూడా వస్తోంది సార్." నేను స్పీడ్ గురించి అడగలేదు అన్నాను. "ఒకసారి రీస్టార్ట్ చేయండి సార్" అన్నారు. మూడు వారాలుగా నాన్నకి నేను చెప్పిన మాట నాకే తిరిగొచ్చింది. ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

రెండు కాల్స్ తర్వాత, లోకల్‌గా లైన్లు చూసే కుర్రాడు ఒకతను వచ్చి తన ఫోన్‌లోంచి లాగిన్ అయ్యాడు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పేజీ, దాని కింద అడ్వాన్స్‌డ్, దాని కింద ఐసోలేషన్ అని ఒక టిక్కు. టిక్కు తీశాం. వైఫై ఒక నిమిషం పోయి వచ్చింది. నాన్న ఫోన్‌లోంచి ప్రింట్ కొట్టేలోపే ప్రింటర్ తనంతట తనే కదిలింది. ఫోన్‌లో ఇరుక్కుపోయిన పాత ప్రింట్లు రెండు బయటికొచ్చాయి. అందులో ఒకటి ముందు వారం ఎవరో అమ్మాయి పంపిన హాల్ టికెట్. పరీక్ష అయిపోయింది కూడా. నాన్న దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు చూసి, "పాపం ఆ పిల్ల ఎక్కడ తీయించుకుందో" అన్నాడు.

ఆ టిక్కు ఎవరు పెట్టారో తెలియదు. బాక్స్ అలాగే వచ్చిందో, టెక్నీషియన్ చేతిలో పడిందో. నా గొడవ ఆ టిక్కు గురించి కాదు. ఐసోలేషన్ మంచి ఫీచరే. షాపుకొచ్చిన కస్టమర్ "అంకుల్, వైఫై పాస్‌వర్డ్ చెప్పండి" అంటే నాన్న కాదనలేడు. వాళ్ల కోసం ఇప్పుడు గెస్ట్ నెట్‌వర్క్ పెట్టాం, అందులో ఐసోలేషన్ ఆన్‌లోనే ఉంది. నా గొడవ ఏంటంటే, దారి మూసేసిన రూటర్ ఒక్క మాట చెప్పదు, తప్పు లేని ప్రింటర్ మీద "ఆఫ్‌లైన్" అని ముద్ర పడుతుంది. ఫోన్‌కి కూడా నిజం తెలియదు, జవాబు రాలేదంతే. ఆ స్క్రీన్ చూసిన మామూలు మనిషి ఏం కొంటాడు? రూటర్ సెట్టింగ్ వెతుకుతాడా, కొత్త ప్రింటర్ కొంటాడా?

మనం రివ్యూల్లో ఏం కొలుస్తున్నాం?

ఇది చదివేవాళ్లకి కోపం వచ్చినా సరే, మన రూటర్ రివ్యూలు చూడండి. ఒక మీటర్ దూరంలో స్పీడ్, గోడ అవతల స్పీడ్, పై అంతస్తులో స్పీడ్. వైఫై 7 వచ్చాక 320 మెగాహెర్ట్జ్ చానల్ గురించి పేరాలకు పేరాలు. ఇంటర్నెట్ ప్లాన్ 100 ఎంబీపీఎస్ ఉన్న ఇంట్లో ఆ నంబర్ ఎవరికి పనికొస్తుందో నాకైతే అర్థం కాదు. ఆ ఇంట్లో టీవీ, ప్రింటర్, రెండు కెమెరాలు, నాలుగు స్మార్ట్ బల్బులు ఉంటాయి. అవి ఒకదానికొకటి కనపడతాయా అన్నది ఏ రివ్యూలోనూ ఉండదు. నేను రాసినవాటిలో కూడా లేదు.

కనపడటం అనేది ఇంకో లెవెల్ సమస్య, దాని గురించి కాస్త చెప్పుకోవాలి. దారి తెరిచి ఉన్నా సరే, ఫోన్‌కి ప్రింటర్ అడ్రస్ ముందుగా తెలియదు కదా. అందుకని ఫోన్ వైఫైలో అందరికీ వినపడేలా ఒక కేక వేస్తుంది: "ఇక్కడ ప్రింటర్ ఎవరైనా ఉన్నారా?" దీని పేరు ఎండీఎన్ఎస్. 224.0.0.251 అనే ప్రత్యేకమైన అడ్రస్‌కి, 5353 పోర్ట్ మీద ఈ కేక వెళ్తుంది. క్రోమ్‌కాస్ట్, ఎయిర్‌ప్రింట్, ఎయిర్‌ప్లే అన్నీ దీని మీదే ఆధారపడతాయి. 2022లో వచ్చిన మ్యాటర్ స్టాండర్డ్ డివైజ్‌లు కూడా ఇంట్లో ఒకదాన్నొకటి వెతుక్కునేది దీంతోనే. చిక్కేంటంటే, వైఫైలో ఒకరికి పంపే మాటకి "అందింది" అని జవాబు వస్తుంది, అందకపోతే మళ్లీ పంపుతారు. రూటర్ అందరికీ వినిపించే ఈ కేకకి ఆ సదుపాయం లేదు. వినపడకపోతే అంతే. పైగా కొన్ని రూటర్లు ట్రాఫిక్ తగ్గించే పేరుతో ఈ కేకల్ని సరిగ్గా దాటించవు. అందుకే ఒక్కోసారి టీవీ లిస్టులో కనపడుతుంది, ఒక్కోసారి మాయమవుతుంది.

ఇందాక చెప్పిన బ్రౌజర్ పరీక్ష ఇక్కడ కూడా పనికొస్తుంది. అడ్రస్ కొడితే పేజీ వస్తోంది, యాప్ లిస్టులో మాత్రం ప్రింటర్ లేదు అంటే దారి బాగుంది, కేక వినపడట్లేదు అని అర్థం. అప్పుడు యాప్‌లో ప్రింటర్‌ని ఐపీ అడ్రస్‌తో మాన్యువల్‌గా కలుపుకోండి. రూటర్‌లో ఆ ప్రింటర్‌కి ఒకే అడ్రస్ ఎప్పటికీ ఉండేలా రిజర్వ్ చేసేయండి. మా ఊళ్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అడ్రస్ మారే ప్రమాదం ఉంది కాబట్టి నేను అదే చేశాను.

ఐఫోన్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. 2020లో ఐఓఎస్ 14 నుంచి, ఇంట్లో డివైజ్‌లని నేరుగా వెతికే యాప్‌లు "లోకల్ నెట్‌వర్క్" పర్మిషన్ అడుగుతాయి. ఆ పాపప్‌కి ఎప్పుడో చిరాకుతో వద్దు అని కొట్టి ఉంటే, ఆ యాప్‌కి ఇంట్లో ఏ డివైజూ కనపడదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కిందకి వెళ్లి చూసుకోండి. ఏ ఫోన్ అయినా వీపీఎన్ ఆన్‌లో ఉంటే ముందు అది ఆపి చూడండి.

ఇక అందరూ చెప్పే మాట ఒకటుంది: "రెండూ ఒకే బ్యాండ్ మీద ఉండాలి, ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే ప్రింటర్ కనపడదు." తప్పు. సరిగ్గా పనిచేసే ఇంటి రూటర్‌లో రెండు బ్యాండ్లూ ఒకే నెట్‌వర్క్, ఫోన్ 5లో, ప్రింటర్ 2.4లో ఉన్నా మాట్లాడుకోవాలి. మాట్లాడుకోవట్లేదంటే రూటర్ మధ్యలో ఏదో ఆపుతోంది. ఈ మాట ఎందుకు పుట్టిందో మాత్రం తెలుసు. స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి. సెటప్ చేసేటప్పుడు కొన్ని యాప్‌లు ఫోన్ ఉన్న వైఫై పేరునే బల్బుకి ఇస్తాయి. ఆ పేరు 5ది అయితే బల్బుకి దొరకదు. సెటప్ అయ్యేదాకా ఆ జాగ్రత్త అవసరం, ఆ తర్వాత ఫోన్ ఎక్కడున్నా పర్లేదు.

రూటర్ కొంటే తీరిపోతుందా అంటే, ఒక్కోసారి పెరుగుతుంది. కూకట్‌పల్లిలో మా ఫ్రెండ్ ఫైబర్ బాక్స్ సిగ్నల్ బెడ్‌రూమ్ దాకా రావట్లేదని మంచి రూటర్ కొని దాని వెనక పెట్టాడు. సిగ్నల్ వచ్చింది. టీవీకి కాస్ట్ చేయడం పోయింది. ఎందుకంటే టీవీ పాత బాక్స్ వైఫై మీదే ఉండిపోయింది, ఫోన్ కొత్తదాని మీదకి వచ్చింది. టీవీ అడ్రస్ 192.168.1తో, ఫోన్ అడ్రస్ 192.168.0తో మొదలవుతున్నాయి. రెండు రూటర్లు, రెండు వేర్వేరు వీధులు, కేక ఒక వీధిలోంచి ఇంకో వీధికి దాటదు. కొత్త రూటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాం. ఐదు నిమిషాల పని. అడ్రస్‌లో మూడో నంబర్ తేడా ఉంటే ముందు ఇదే అనుమానించండి.

కాబట్టి ఇక మీదట రూటర్ రివ్యూ రాస్తే నేను ఇవి చూసి రాస్తాను. డబ్బా తెరవగానే ఐసోలేషన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా. 5లో ఉన్న ఫోన్ నుంచి 2.4లో ఉన్న ప్రింటర్‌కి ప్రింట్ వెళ్తోందా. మెష్ అయితే, ఒక యూనిట్ మీద ఉన్న ఫోన్‌కి రెండో యూనిట్ మీద ఉన్న టీవీ కాస్ట్ లిస్టులో కనపడుతోందా, అది కూడా సెటప్ చేసిన రోజు కాదు, వారం తర్వాత. యాక్సెస్ పాయింట్ మోడ్ మెనూలో ఎంత లోతున దాచారు. స్పీడ్ గ్రాఫ్ కూడా పెడతాను లెండి, మీరు అడుగుతారు కదా. ఇంటర్నెట్ కంపెనీలకి ఒక్కటే అడుగుతున్నాను: బాక్స్ మీదే అయినా ఇల్లు మాది. మా ఇంట్లో రెండు వస్తువుల మధ్య దారి తెరవాలో మూయాలో చెప్పే పేజీకి మాకు తాళం ఇవ్వండి.

మీ బాక్స్‌కి ఆ తాళం లేకపోతే అప్పటిదాకా ఒక చిట్కా ఉంది. చాలా ప్రింటర్లలో వైఫై డైరెక్ట్ అని ఉంటుంది, ప్రింటర్ తనే ఒక చిన్న వైఫై పేరుతో కనపడుతుంది. ఫోన్‌ని దానికి కలిపితే రూటర్‌తో పని లేకుండా ప్రింట్ వస్తుంది. నాన్నకి ఇది మొదటి రోజే చెప్పి ఉంటే మూడు వారాల కస్టమర్లు మిగిలేవారు. నాకు గుర్తు రాలేదు, ఎందుకంటే నేను ప్రింటర్ గురించి ఆలోచించలేదు, రీస్టార్ట్ గురించే ఆలోచించాను.

ఆ ల్యాన్ కేబుల్ ఇప్పటికీ షాపులో బాక్స్‌కి గుచ్చే ఉంది. మొన్న మళ్లీ ప్రింట్ రాలేదు. ఈసారి నాన్న ఏది కొనమంటావ్ అని అడగలేదు. వాట్సాప్ పెట్టాడు: "కేబుల్ నుంచి కూడా పేజీ రావట్లేదు. ప్రింటర్ స్విచ్ దగ్గర చూశా, ప్లగ్ లూజుగా ఉంది. పెట్టేశా. నువ్వు పని చూసుకో."